ఉల్లిపాయల ఉత్తరాలు

వీధిలో అందరూ ఆవిడను కంగారమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, దాన్ని చదివి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంటి ముందు గదిలోనే ఇస్త్రీ దుకాణం. పెట్టె వేడి చూసుకోవడం, చొక్కా మీద నీళ్ళు చిలకరించడం, కాలరు మీద నుంచి మొదలుపెట్టడం, ఇవి తప్ప మిగతా అన్నిట్లోనూ ఆవిడకు భయమే. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే అది ఏ లోయలో పడిందో కళ్ళకు కట్టినట్టు చూసేస్తుంది. ఫోను మోగితే ఎత్తేలోపే పోయిందెవరో తేల్చేసుకుంటుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం దగ్గరే ఆగిపోయింది, మేలు దాకా ఎన్నడూ వెళ్ళలేదు.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కొడుకు. వాడు పోయి పోయి సైన్యంలో చేరాడు.

ఇదంతా ఇరవై ఏళ్ళ నాటి మాట. ఇప్పుడు వాడికి నలభై నాలుగు. చూస్తే అరవై అంటారు. మంచం మీద నుంచి దుకాణంలోని బల్ల దాకా పన్నెండు అడుగులు, అంతవరకూ నడవడానికి రెండుసార్లు ఆగాలి. ముక్కుకు గొట్టం, పక్కన చిన్న చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండరు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పాడు. "ఎండిన స్పాంజిలాగా అనుకోండి" అన్నాడు. ఆ రోజు నుంచి గిన్నెలు తోమే స్పాంజి ఎండిపోతే ఆవిడ చూడలేక నీళ్ళలో వేసేస్తుంది.

వాడికి కావాల్సింది ఇంట్లోనే రాత్రీపగలూ నడిచే గాలి మిషను. ఆ జబ్బు సైన్యంలో చేసిన పని వల్లే వచ్చిందని మాజీ సైనికుల కార్యాలయం ఒప్పుకుంటే మిషనూ, ఆసుపత్రీ, నెలనెలా భృతీ అన్నీ వస్తాయి. ఒప్పుకోకపోతే ఈ సిలిండర్లే. వాటి బండి వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు తల్లీకొడుకులు సిలిండరు మీది ముల్లు చూస్తూ కూర్చున్నట్టు.

వాడు దరఖాస్తులో రాసింది ఇదీ: సరిహద్దు క్యాంపులో రెండేళ్ళు, కంచె పొడవునా పిచ్చిమొక్కలు చచ్చే మందు కొట్టాను, ఆ డ్రమ్ములు దింపాను, ఎక్కించాను. డ్రమ్ముల మాట ఒక్కటి ఆవిడ డాక్టరు గదిలోనే మొదటిసారి విన్నది. బయటికి రాగానే చెయ్యి పట్టుకుంది.

"డ్రమ్ములేమిట్రా? నువ్వు వంటింటి స్టోర్లో కదా ఉన్నావు?"

"స్టోర్లోనే అమ్మా. మధ్యలో నాలుగు రోజులు మనుషులు చాలక అటు పంపారు, అంతే."

నాలుగు రోజులే అని మనసు సర్దుకుంది. నాలుగు రోజులకే ఇలాగైతే రెండేళ్ళు చేసినవాళ్ళ గతి ఏమిటో పాపం అనుకుంది.

కార్యాలయంలో కళ్ళజోడు గుమాస్తా ఒకడున్నాడు, మర్యాదస్తుడే. క్యాంపు రికార్డులు పెట్టిన గదిలోకి ఒక ఏడాది వరద నీళ్ళొచ్చాయట, ఆ రెండేళ్ళ హాజరు పుస్తకాలు ముద్దయిపోయాయట. "మా దగ్గర లేవమ్మా. మీ దగ్గరేమైనా ఉన్నాయా? తారీఖు, యూనిట్ ముద్ర ఉన్న కాగితం ఏదైనా సరే" అన్నాడు.

లేవన్నాడు కొడుకు. ఆవిడ ఏమీ అనలేదు. ఎందుకంటే ఉన్నాయి.

బిస్కెట్ల డబ్బాలో అరవై ఒక్క ఉత్తరాలు. ఆ రెండేళ్ళూ వాడు తల్లికి రాసినవి. ప్రతి కవరు మీదా యూనిట్ నంబరు, గుండ్రటి ముద్ర, తారీఖు. చదువు అయిదో తరగతితో ఆగిన మనిషి, అయినా అవన్నీ కంఠతా వచ్చు. ఏ ఉత్తరం చూసినా ఒకటే పాట. "అమ్మా, నేను క్షేమం. ఈ రోజు రెండు బస్తాల ఉల్లిపాయలు తరిగాను. ఇక్కడ తుపాకీ కాదుగదా టపాకాయ కూడా పేలదు. నేను చస్తే ఉల్లిపాయల ఘాటుకే చావాలి." చావు మాట వాడు సరదాకి రాసినా, ఆవిడ ఆ ముక్క మీద ఎప్పుడూ బొటనవేలు పెట్టి మూసుకునే చదివేది.

వాడికి చెబితే వద్దంటాడని, వాడు నిద్రపోతున్న మధ్యాహ్నం పూట డబ్బా దింపింది. మడతలు పడి ఉన్న ఉత్తరాలు ఆఫీసులో పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టడం బాగుండదు కదా. పెట్టె వేడి తగ్గించి, పైన పల్చటి గుడ్డ వేసి, అరవై ఒక్క ఉత్తరాలూ ఒక్కొక్కటే ఇస్త్రీ చేసింది. ముద్ర చెరిగిపోకుండా కవర్లను వెనక్కి తిప్పి చేసింది. తారీఖుల వరసలో పేర్చి, చొక్కాల కట్టకు కట్టే తెల్ల దారంతో కట్టి, మర్నాడు మందుల కోసమని చెప్పి వెళ్ళి గుమాస్తా చేతిలో పెట్టింది.

"ముద్ర ఉందా బాబూ? తారీఖు ఉందా?"

"అన్నీ ఉన్నాయమ్మా. ఎంత బాగా దాచారు!"

జీవితంలో మొదటిసారి ఆవిడకు బస్సు ఆలస్యమైనా భయం వేయలేదు.

ఆరు వారాలకు కవరు వచ్చింది. కొడుకే చింపి చదివాడు. చదివి, మళ్ళీ చదివి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మా, నా ఉత్తరాలు వీళ్ళకి ఇచ్చావా?"

"ముద్రలున్నాయి కదరా..."

"ముద్రలున్నాయి." వాడికి దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి కాగితం ఎత్తి చదివాడు. "దరఖాస్తుదారు స్వహస్తాలతో ఆ కాలంలో రాసిన అరవై ఒక్క ఉత్తరాల ప్రకారం, ఆయన వంటశాల స్టోర్లో మాత్రమే పనిచేసినట్టు స్పష్టమవుతున్నది. రసాయనాలతో సంబంధం రుజువు కాలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

ఆవిడ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. ఎవరిదో లేతనీలం చొక్కా మాడి కమురు వాసన వచ్చేదాకా ఇద్దరికీ తెలియలేదు. ముప్పై ఏళ్ళ దుకాణంలో కాలిన మొదటి చొక్కా అది.

"నాలుగు రోజుల సంగతి ఉత్తరంలో రాయలేదేమిట్రా నువ్వు?"

"నాలుగు రోజులు కాదమ్మా." వాడు ఆవిడ వైపు చూడలేదు. "రెండేళ్ళూ అదే. వంటింటి స్టోరు ఎటువైపు ఉందో కూడా నాకు తెలీదు."

"మరి ఉల్లిపాయలు?"

"ఉల్లిపాయల్లేవు."

ఎందుకు రాశావు అని ఆవిడ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

క్యాంపుకు వెళ్ళిన కొత్తలో వాడు ఉన్నదున్నట్టు ఒక్క ఉత్తరం రాశాడు, ఆ డబ్బాలోకి చేరనిది. కంచె ముళ్ళు గీసుకుని కాలికి నాలుగు కుట్లు పడ్డాయి, భయం లేదు అని. ఆ ఉత్తరం చేరిన మూడో రోజుకి ఆవిడ రెండు రైళ్ళూ ఒక లారీ మారి క్యాంపు గేటు ముందు దిగింది, చేతిసంచిలో మలాం డబ్బాతో సహా. "ఎవరమ్మా?" అని కాపలావాడు అడిగితే "కాలు తెగిన అబ్బాయి తల్లిని" అంది. ఆ కాలు తెగిన అబ్బాయి ఫుట్‌బాల్ ఆటలో నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ వాణ్ణి గేటు పక్క బల్ల మీద కూర్చోబెట్టి, బూటు ఊడదీసి, క్యాంపంతా చూస్తుండగా కాలికి మలాం రాసింది. ఆ రోజు నుంచి అక్కడ వాడి పేరు మలాం. పైఅధికారులు కూడా అలాగే పిలిచేవాళ్ళని సెలవుకొచ్చినప్పుడు చెప్పి నవ్వాడు. ఆ తర్వాతి ఉత్తరం నుంచే ఉల్లిపాయలు మొదలు.

ఆ వారమంతా ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుపొస్తుంది, ఏడిస్తే వాడు నవ్వించబోతాడు, నవ్వించబోతే వాడికి దగ్గొస్తుంది. చివరికి ఒక పొద్దున అడిగింది.

"నీతోపాటు ఆ పని చేసినవాళ్ళు ఎవరూ లేరా సాక్ష్యానికి?"

"అప్పుడున్నవాళ్ళు ఇప్పుడు లేరు."

"మేస్త్రీ?"

ఆ రోజు గేటు దగ్గర ఆవిడకు టీ తెచ్చిచ్చిన మనిషి మేస్త్రి. సైన్యంలోకి రాకముందు ఇళ్ళు కట్టేవాడు, ఆ పిలుపే నిలిచిపోయింది. "మీవాడు నా పక్క మంచమే అమ్మా, మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నాడు ఆ రోజు. ఆవిడకు నిశ్చింతగా ఉండమన్నవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఆ మాటతో పాటు టీ ఇచ్చినవాడు అతనొక్కడే.

"మేస్త్రి పోయి ఎనిమిదేళ్ళయింది. ఇదే జబ్బు."

"పెళ్ళాం ఉంది కదా? ఆమెకి ఏమైనా రాసి ఉంటాడేమో."

"అమ్మా, ఆవిడ జోలికి వెళ్ళకు. ఆమెకున్నవి చాలు."

"వెళ్ళను లేరా" అంది. తల్లి కూడా అబద్ధం ఆడగలదు కదా.

మూడు గంటల బస్సు ప్రయాణం. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేదు, అద్దం పగిలితే మొహం మీదికే అని. మేస్త్రి భార్య దర్జీ పని చేస్తుంది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, కుట్టుమిషను చప్పుడే దారి చూపించింది. యాభై దాటని మనిషి, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. కంగారమ్మ తానెవరో చెప్పగానే ఆ సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది.

"అయితే మలాం వాళ్ళమ్మ మీరేనన్నమాట! మా ఆయన మీ గురించి ఎంత నవ్వేవారో. కూర్చోండి. కుర్చీ గట్టిదే, భయపడకండి."

కంగారమ్మ కుర్చీ కాలు ఒకసారి కదిపి చూసుకునే కూర్చుంది. వచ్చిన పని చెప్పింది. ఇస్త్రీ చేసిన సంగతి కూడా దాచకుండా చెప్పింది. దర్జీ ఆవిడ వింటూనే ఒక చొక్కా చేతికి గుండీ కుట్టింది, దారం పళ్ళతో కొరికింది.

"నాకు ఆయన అన్నీ రాసేవారు పెద్దమ్మా. పొద్దున లేచింది మొదలు. వాసన ఎలా ఉందో, చర్మం ఎలా ఊడిందో, అన్నీ. రాయొద్దని ఎన్నిసార్లు వేడుకున్నానో! 'నీకు కాక ఇంకెవరికి చెప్పుకోనే' అనేవారు. రెండేళ్ళు నాకు కంటిమీద కునుకు లేదు. మీరు మాత్రం ఉల్లిపాయల కబుర్లు చదువుకుని హాయిగా పడుకున్నారు."

"పడుకున్నానా?" అంది కంగారమ్మ. "కత్తి జారి వేలు తెగుతుందేమో అని రెండేళ్ళు కూర్చున్నాను."

దర్జీ ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే మరోలా మారింది, టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది.

ఆమె కూడా దరఖాస్తు పెట్టిందట, భర్త పోయాక. మనిషి లేడు కాబట్టి పరీక్షలు చేయడం కుదరదు, కుదరదు కాబట్టి తేల్చలేము అన్నారట. "ఆయన బతికుండగా పెడితే రికార్డుల్లేవన్నారు. చచ్చాక పెడితే మనిషి లేడన్నారు. ఆ ఉత్తరాలు చూపించండమ్మా అని ఒక్కరన్నా అడగలేదు. నేనూ ఇవ్వలేదు. మొగుడు పెళ్ళానికి రాసుకున్నవి బల్ల మీద పరుస్తారా ఎవరైనా?"

మీరు మాత్రం పరిచారు అని ఆమె అనలేదు. కంగారమ్మకు మాత్రం వినిపించింది.

దర్జీ ఆవిడ లోపలికి వెళ్ళి వెతుకుతుంటే, కంగారమ్మ చూపు గోడ మీదికి పోయింది. అద్దం బిగించిన చట్రంలో చిన్న గౌను. జానెడు కూడా లేదు. మెడ చుట్టూ తెల్ల లేసు, గుండీలు కుట్టారు గానీ కాజాలు తీయలేదు. వేసుకున్న మడత ఒక్కటి లేదు ఆ గుడ్డ మీద. బట్టలు చదవడం ఆవిడకు అక్షరాల కంటే బాగా వచ్చు.

తిరిగొచ్చిన దర్జీ ఆవిడ ఆ చూపు గమనించింది. "ఆయన తిరిగొచ్చిన ఏడాదికి. పాప నాలుగు రోజులుంది. ఆ డ్రమ్ముల విషమే అనేవారు ఆయన. తర్వాత ఇంక మేము..." అని ఆపేసింది.

కొడుకు ముప్పయ్యో ఏట నుంచి పెళ్ళి మాటెత్తితే చాలు నవ్వేసి లేచి వెళ్ళిపోయేవాడు. నీకు మనవలు లేకుండా చేస్తున్నానని శాపం పెట్టకమ్మా అనేవాడు. ఆవిడ పెట్టింది కూడా ఒకటి రెండుసార్లు, కోపంలో. ఆ కుర్చీలో కూర్చుని ఆ గౌను చూస్తూ ఆవిడ తన నోరు తనే మూసుకుంది, చేత్తో.

దర్జీ ఆవిడ మూడే మూడు ఉత్తరాలు చేతిలో పెట్టింది. "ఇవి ఇస్తాను. ఒకటే మాట. అక్కడ ఎవరో గుమాస్తా గబగబా చదివేయకూడదు. మీరే చదవాలి, పైకి. మీకు తెలియకూడదనే కదా ఇంతా జరిగింది."

"నాకు చదువు సరిగ్గా రాదమ్మా. వేలు పెట్టి చదువుతాను."

"వేలు పెట్టే చదవండి."

తిరస్కరణ మీద పెట్టుకున్న అప్పీలుకు విచారణ రోజు వచ్చింది. పెద్ద గది, పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, కుడిచేతి పక్క గాజు జగ్గు. ఇవతల కొడుకు, వాడి పక్కన సిలిండరు. బల్ల మీద ఇస్త్రీ చేసిన అరవై ఒక్క ఉత్తరాలూ ఉన్నాయి, తెల్ల దారం అలాగే ఉంది. అవి ఎంత చక్కగా ఉన్నాయో చూసి ఆవిడ చూపు తిప్పుకుంది.

దారిలో బస్సులోనే వాడికి చెప్పింది, మేస్త్రి ఉత్తరాలు తెచ్చానని. వాడు ముక్కు గొట్టం సర్దుకున్నాడు. "లోపలేముందో చదివావా?" అన్నాడు.

"లేదు. అక్కడే చదవాలని మాట ఇచ్చాను."

"అమ్మా, వద్దు. నేను చదువుతాను."

"నీకు రెండు వాక్యాలకి ఊపిరి చాలదు."

అధ్యక్షురాలు అనుమతిచ్చింది. ఆవిడ లేచి నిలబడింది. కాగితం బల్ల మీద పరిచి, ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో ఒకసారి సాపు చేసి, మొదటి మాట కింద వేలు పెట్టింది. బడి పిల్ల చదివినట్టు కూడబలుక్కుంటూ చదివింది.

"ఏమే, ఈ వారం కూడా డ్రమ్ములే. పసుపు గీత డ్రమ్ములు ఇంకో రెండొందలు దిగాయి. మూతలు సరిగ్గా లేవు, దొర్లిస్తుంటే చొక్కా తడిసిపోతోంది. చేతులకు తొడుగులు అడిగితే వచ్చే నెల అన్నారు. కంచె పొడవునా నేనూ మలాంగాడూ కొడుతున్నాం. గాలి ఎటు నుంచి వీచినా అది మా మొహం మీదికే వీస్తుందేమిటో. ఖాళీ డ్రమ్ములు కోసి తొట్లు చేశాం, స్నానాలు వాటిలోనే. నీళ్ళ మీద నూనె తెట్టె కడుతుంది. చేత్తో పక్కకు నెట్టి పోసుకోవడమే."

ఆవిడ ఆగింది. పక్కన కొడుకు తల వంచుకున్నాడు. మళ్ళీ వేలు కదిపింది.

"మలాంగాడి చేతులు మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. వాళ్ళమ్మ పంపిన డబ్బా మేం ఎనిమిది మందిమీ పంచుకున్నాం, అయిపోయింది. ఇంకో ఆరు పంపమని రాశాడు. ఆ బొబ్బల చేతులతోనే కూర్చుని ఉల్లిపాయలు తరిగాను అని రాస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకురా ముసలావిడతో అబద్ధాలు అన్నాను. వాడేమన్నాడో తెలుసా? 'నువ్వు మా అమ్మని చూశావుగా మేస్త్రీ. నిజం రాస్తే బయల్దేరి వచ్చేస్తుంది. వస్తే...'"

వేలు అక్కడ నిలిచిపోయింది. అధ్యక్షురాలు గ్లాసులో నీళ్ళు పోసి ముందుకు జరిపింది. ఆవిడ ఆ నీళ్ళ వంక చూసింది, తాగలేదు.

"'వస్తే ఈ నీళ్ళే తాగుతుంది' అన్నాడు."

ఉత్తరం అయిపోయింది. మిగతా రెండూ చదివింది.

ఎడమవైపు కూర్చున్న సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ ఉత్తరాల్లో మీ అబ్బాయి పేరెక్కడా లేదు. మలాం అనే వ్యక్తి మీ అబ్బాయేనని మాకెలా తెలుస్తుంది?"

అప్పుడు ఆవిడ మొత్తం చెప్పింది. నాలుగు కుట్లు, రెండు రైళ్ళు, లారీ, గేటు, బూటు ఊడదీయడం, క్యాంపంతా నవ్వడం. ఎవరికీ ఏనాడూ చెప్పుకోని సిగ్గు అది. సభ్యుడు నవ్వాపుకోవడానికి కాగితాల్లోకి చూశాడు. ఆవిడ ఆగలేదు.

"ఆ కట్ట విప్పండి బాబూ. ఉల్లిపాయల సంగతి వదిలేసి కింద చివర చూడండి. నెలనెలా మలాం పంపమని రాశాడు. దోమలని ఒకసారి, వేడి గిన్నె అని ఒకసారి, ఉల్లిపాయల మంట అని ఒకసారి. మేస్త్రి 'ఆరు పంపమని రాశాడు' అన్న తారీఖు చూడండి. మావాడి ఉత్తరం తారీఖు కూడా చూడండి. రెండేళ్ళలో నలభై మూడు డబ్బాలు పంపాను నేను. ఉల్లిపాయలు తరిగేవాడికి నలభై మూడు డబ్బాల మలాం ఎందుకో నాకు తట్టలేదు. చేతులు కాలడమంటే ఏమిటో తెలిసిన ఇస్త్రీ దాన్ని, నాకే తట్టలేదు. తట్టకూడదనుకున్నాను కాబోలు."

అధ్యక్షురాలు దారం విప్పింది. ఒక్కో ఉత్తరం తీసి చివరి వాక్యం చూసి పక్కన పెడుతోంది. మేస్త్రి ఉత్తరం పక్కన వాడి ఉత్తరం పెట్టింది. రెండు తారీఖుల మధ్య ఒక్క రోజు తేడా.

"అయితే మీ అబ్బాయి రాసింది అబద్ధమని ఒప్పుకుంటున్నారు" అన్నాడు సభ్యుడు.

"అబద్ధమే. కానీ వాడు మీతో ఆడలేదు కదా బాబూ, నాతో ఆడాడు. ఆడించింది నేను. నాతో ఆడిన అబద్ధానికి మీరు వాడికి శిక్ష వేస్తే ఎలా?"

ఆ మాటతో కూర్చుంది. కొడుకు చెయ్యి వచ్చి ఆవిడ మోకాలి మీద పడింది. ఆ చేతి వెనక పాత మచ్చలు, తెల్లగా, చిన్న చిన్నవి. వేడి గిన్నె మచ్చలని ఇరవై ఏళ్ళుగా నమ్మినవి.

వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "మేస్త్రి సంగతి కూడా ఈ ఉత్తరాలతోనే తేలిపోతుంది కదమ్మా?" అని అధ్యక్షురాలిని అడిగింది. అది వేరే ఫైలు అంది ఆమె. తర్వాత కాస్త మెల్లగా, "వాళ్ళావిడను మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమనండి" అంది.

నెల రోజులకు కవరు వచ్చింది. ఒప్పుకున్నారు. మరో వారానికి ఇద్దరు మనుషులు గాలి మిషను తెచ్చి మంచం పక్కన బిగించారు. చిన్న బీరువా అంత ఉంది, సన్నగా గురగురమంటుంది. దాన్ని నడిపే పద్ధతి చూపించిన మనిషిని ఆవిడ ఇరవై ప్రశ్నలడిగింది. కరెంటు పోతే? గొట్టం మడత పడితే? ఎలుక కొరికితే? అతను ఓపిగ్గా చెప్పి, పోతూ పోతూ కొడుకుతో మెల్లగా, "ఈ మిషను కాస్త ముందే వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. మెల్లగా అన్నవే ఆవిడకు ముందు వినిపిస్తాయి.

దర్జీ ఆవిడకు కంగారమ్మ ఆ తీర్పు నకలు పంపింది. మూడు ఉత్తరాలూ వెనక్కి పంపింది. వాటిని మాత్రం ఇస్త్రీ చేయలేదు, ఉన్న మడతలతో ఉన్నట్టే పంపింది.

వానాకాలం వచ్చింది. బట్టలు ఆరక దుకాణంలో తడి వాసన. కొడుకు ఇప్పుడు బల్ల దాకా రావడం లేదు. మధ్య తలుపు తీసి ఉంచితే మంచం మీద నుంచే ఆవిడ కనిపిస్తుంది. ఒక సాయంత్రం ఆవిడ దుప్పటి ఇస్త్రీ చేస్తూ, రోజూ అడిగినట్టే అడిగింది.

"ఎలా ఉందిరా?"

"బా..." అని వాడు ఆగాడు. మిషను గురగురమంటోంది. "నిన్నటికంటే ఊపిరి తగ్గిందమ్మా. మెట్లెక్కుతున్నట్టుంది. పడుకునే ఎక్కుతున్నాను."

ఆవిడ పెట్టెను నిలబెట్టింది. ఇదివరకైతే ఈపాటికి చెప్పుల్లేకుండా వీధిలో పడి ఉండేది డాక్టరు కోసం. పొద్దున్నే వచ్చి వెళ్ళాడు డాక్టరు. ఏం చెప్పాడో ఇద్దరూ విన్నారు.

వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"ఇంకా?" అంది.

"వినగలవా?"

"చదివాను కదరా."

వాడు కొంచెం నవ్వాడు. "పెళ్ళి ఎందుకొద్దన్నానో..."

"అది చెప్పక్కర్లేదు. మేస్త్రి వాళ్ళింట్లో గౌను చూశాను."

వాడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే అన్నాడు. "భయమేస్తోందమ్మా."

నలభై నాలుగేళ్ళలో వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ ఇంట్లో భయపడే పనంతా ఆవిడదే అనుకుంది ఇన్నాళ్ళూ.

"ఊఁ" అంది. చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలితో ఆ తెల్ల మచ్చల మీద మెల్లగా రాయడం మొదలుపెట్టింది, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా. డబ్బా ఏదీ లేదు దగ్గర, ఊరికే రాస్తోంది. "చెప్పు. నేనెక్కడికీ పోను. అన్నీ చెప్పు."

వాడు చెప్పసాగాడు, ఒక మాటకీ ఒక మాటకీ మధ్య ఆగుతూ. అవతల దుకాణంలో దుప్పటి సగం ముడతలతో అలాగే ఉంది.